పంజరం పక్కన కూర్చున్న రాత్రి

మావారు పోయిన మరుసటి ఏడాది మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ ఒక జత కాకటీల్ పిట్టల్ని తెచ్చి నా మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. చిలక కన్నా చిన్నవి. తల మీద నిక్కబొడుచుకున్న జుట్టు, బుగ్గల మీద నారింజరంగు చుక్కలు. రాజు, రాణి అని పేర్లు పెట్టుకున్నాను. నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆ రెండు పిట్టలే. పొద్దున్నే లేచి గింజలు వేయాలి, నీళ్ళు మార్చాలి అనే పని ఒకటి ఏర్పడింది. రాత్రిళ్ళు నిద్ర పట్టింది, బీపీ అదుపులోకి వచ్చింది. తర్వాత జరిగినదానికి వాటిని ఒక్క మాట కూడా అనలేకపోతున్నాను.

దగ్గు కార్తీకమాసంలో మొదలైంది. పొడిదగ్గు. సిరప్పులు, రెండు కోర్సుల యాంటీబయాటిక్స్, టీబీ ఏమోనని తెమడ పరీక్ష, చివరికి ఆస్తమా అని ఇన్‌హేలర్. సంక్రాంతి నాటికి ఐదు కిలోలు తగ్గాను. మేడెక్కి బట్టలు ఆరేయలేకపోయాను. మధ్యలో భీమవరంలో అక్కయ్య ఇంట్లో పది రోజులుంటే దగ్గు సగం తగ్గింది. అక్క చేతి వంట మహిమ అనుకున్నాం. గుంటూరు తిరిగొచ్చిన సాయంత్రమే ఛాతీ పట్టేసి ఒళ్ళు వెచ్చబడింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పాను, అయినా ఆ రెండూ కలిపి చూసుకోలేదు.

ఊళ్ళో పెద్ద డాక్టరని పేరున్నాయన ఎక్స్‌రే చూసి, నాతో కాదు, మా అమ్మాయితో అన్నాడు: "ఇందులో ఏమీ లేదమ్మా. పెద్దావిడ ఒంటరిగా ఉంటున్నారు కదా, పిల్లలు దగ్గర లేరన్న బెంగ. అంతా టెన్షనే." నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఊపిరి అందక మాట మధ్యలో ఆగిపోతుంటే, అది నా నటన అన్నట్టు చూశాడు. నిద్రమాత్ర రాసిచ్చాడు. ఆ రోజు నుంచి ఆయాసం వస్తోందని అమ్మాయికి ఫోనులో చెప్పడం మానేశాను.

అందుకే మాఘమాసంలో ఆ రాత్రి ఎవరినీ పిలవలేదు. రెండు గంటలకు మెలకువ వచ్చింది. గాలి లోపలికి పోవడం లేదు. కరోనా నాటి ఆక్సీమీటరు వేలికి పెట్టుకుంటే 86. కాసేపటికి 82. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఫోను చేతిలో ఉంది, అమ్మాయి నంబరు తెరిచే ఉంది. "మళ్ళీ టెన్షనేనా అమ్మా" అంటుందేమోనని నొక్కలేదు. ఒక్కదాన్నే పోతానేమోనన్న భయంతో పంజరం దగ్గరకు లాక్కుని, మీద కప్పిన గుడ్డ తీశాను. లైటు పడగానే రాజు లేచి రెక్కలు టపటపలాడించాడు. తెల్లటి పొడి లైటు వెలుగులో తేలుతూ నా మీదికి వచ్చింది. రోజూ టీవీ తెర మీద వేలితో గీస్తే గీత పడే పొడే అది. ధైర్యం కోసం పంజరానికి ముఖం ఆనించుకుని తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

పాలు పోయడానికి వచ్చిన మనిషి నన్ను చూసి పక్కింటివాళ్ళను లేపి 108కి ఫోన్ చేయించాడు. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రెండో రోజు ఛాతీ విభాగం నుంచి ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి మంచం మీదే కూర్చుంది. "అమ్మా, మీ ఇంట్లో పావురాలు గానీ, పెంపుడు పక్షులు గానీ ఉన్నాయా? ఎయిర్ కూలరుందా? ఈకల దిండు? గోడలకు బూజు?" నాలుగు నెలల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి. పిట్టల పేర్లు చెబుతూ ఏడ్చేశాను.

సీటీ స్కాన్, గొట్టం వేసి చూడటం అయ్యాక జబ్బు పేరు చెప్పింది: హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. ఈకల పొడిలో, ఎండిన రెట్టలో ఉండే ప్రొటీన్లు ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దాకా పోతాయట. కొందరి ఒంట్లో రోగనిరోధక శక్తి వాటిని శత్రువులనుకుని తిరగబడుతుంది, లోపలంతా వాచిపోతుంది. ఏళ్ళ తరబడి సాగితే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది, అప్పుడు మందులతో అది మళ్ళీ మామూలు కాదు. నాది ఇంకా అంతదాకా రాలేదు. స్టిరాయిడ్ మాత్రలు నెలల తరబడి, మోతాదు తగ్గించుకుంటూ వాడాను. ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది. పక్షులు వెళ్ళిపోయినా పొడి ఇంట్లో నెలలపాటు ఉంటుందన్నారు. పరుపు, కర్టెన్లు పారేసి, గోడలు తడిగుడ్డతో తుడిపించి రంగులు వేయించారు. అంతవరకూ అక్కయ్య దగ్గరే ఉన్నాను. "పిట్టల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంది" అని చుట్టాలు అన్నారు. అననివ్వండి.

కోలుకున్నాక రిపోర్టులు తీసుకుని ఆ పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళాను. "ఇలాంటివి చాలా రేర్ అమ్మా" అన్నాడు. నేను కాగితం మీద రాసుకెళ్ళింది బల్ల మీద పెట్టాను. 2017లో వెలువడిన మన దేశపు రిజిస్ట్రీ అది. 19 నగరాల్లోని 27 ఆస్పత్రుల్లో, ఊపిరితిత్తుల లోపలి కణజాలం దెబ్బతిన్న 1,084 మందిని పరిశీలిస్తే 47 శాతం మందికి ఈ జబ్బే. వాళ్ళలో దాదాపు సగం మంది బూజు పట్టే కూలరు గాలి పీల్చినవాళ్ళు. "రేర్ కాదండీ, మీరు అడగలేదు" అన్నాను. ఆయన కాగితాన్ని పేపర్‌వెయిట్ కింద పెట్టుకున్నాడు.

పక్షుల్ని పెంచుకోవద్దని నేను చెప్పను. మూడు వారాలు దాటిన దగ్గు ఉంటే మాత్రం, డాక్టరు అడక్కపోయినా మీ ఇంట్లో ఏమున్నాయో మీరే చెప్పండి. బాల్కనీలో పావురాలు గూడు పెట్టినా చెప్పండి. ఊరెళితే తగ్గి, ఇంటికొస్తే పెరుగుతోందేమో తారీఖులతో రాసిపెట్టుకోండి. మీ ఆయాసాన్ని ఎవరైనా బెంగ అంటే ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఆశ్వయుజంలో మంగళగిరి కొండ మెట్లెక్కి పానకాలస్వామికి మొక్కు తీర్చుకున్నాను. నాలుగుచోట్ల కూర్చున్నాను గానీ ఎక్కాను. పైన ఆక్సీమీటరు చూసుకుంటే 95. పోయించిన పానకంలో సగం స్వామి తనకు ఉంచుకుని సగం మనకు వదులుతాడంటారు. ఆ సగాన్ని కళ్ళకద్దుకుని తాగాను.

రాజు, రాణి ఇప్పుడు తెనాలిలో నాతో పనిచేసిన టీచరుగారి ఇంట్లో, డాబా మీద జాలీ గదిలో ఉన్నాయి. మాస్కు పెట్టుకుని గది కడగమని చెప్పే ఇచ్చాను. మొన్న వాళ్ళ మనవడు భయపడుతూ ఫోన్ చేశాడు. "అమ్మమ్మగారూ, రాజుకి జబ్బు చేసింది, వినండి" అని ఫోను పంజరం దగ్గర పెట్టాడు. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి మూడోది, ఆ తర్వాత దీర్ఘంగా ఊపిరి పీల్చిన చప్పుడు.

"వాడికేం కాలేదు నాన్నా," అన్నాను. "అది నా దగ్గు."