మల్లి బొచ్చు, ఆదోని దూది

ఆదివారం. పొద్దున ఆరున్నరకే మిద్దె మీద బండలు వెచ్చగా ఉన్నాయి. ఎండ ముదిరేలోపు మల్లిని దువ్వాలని స్టీలు పళ్ళ దువ్వెన, పాత పేపరు పట్టుకుని దాంతో పాటే పైకెక్కాను.

మల్లి స్పిట్జ్ కుక్క. మా వీధిలో అందరికీ పామేరియనే. వారం నుంచి ఒకటే బొచ్చు రాలుస్తోంది. మంచం కింద ఉండలు, నిన్న రాత్రి అత్తమ్మ సంగటి ముద్ద మీద ఒక తెల్ల వెంట్రుక. ఆమె ప్లేటు పక్కకి పెట్టి, "ఈ కర్నూలు ఎండకి దానికీ కష్టమే, మనకీ కష్టమే. గుండు కొట్టించరాదా పాపా" అన్నది.

పోయినేడు అదే చేశాను. హాయిగా ఉంటుందని తీసుకెళ్ళి, చర్మం కనిపించేదాకా మెషిన్ పెట్టించాను. మూడు రోజులకి వీపు ఎర్రగా కందిపోయింది. బొచ్చు దీపావళి దాకా సరిగా రాలేదు, వచ్చింది కూడా అతుకులు అతుకులుగా. ఆ వీపు చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోయేది. అప్పుడే డాక్టర్ గారు చెప్పారు. ఈ జాతికి బొచ్చు రెండు పొరలట. పైన పొడుగు వెంట్రుకలు ఎండ నేరుగా తగలకుండా కాస్తాయి, కింద మెత్తటి పొర ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళకే పడుతుంది. అది చల్లబడేది ఎక్కువగా రొప్పితేనే. ఊడిపోయి లోపల ఇరుక్కున్న మెత్తటి బొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, గుండు అక్కర్లేదు.

అందుకే ఈ ఏడు ఓపిగ్గా దువ్వుతున్నాను. ఎడమ చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుని, గులాబీ రంగు చర్మం పాపిటలా కనిపించాక, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా దువ్వాలి. పైపైన దువ్వితే లోపలిది అట్లనే ఉండిపోతుంది. చెవుల వెనక, తొడల వెనక చిక్కులు ఎక్కువ, అక్కడ వేళ్ళతోనే విడదీశాను. స్నానం కూడా దువ్విన తర్వాతే. చిక్కులు తడిస్తే బిగుసుకుపోతాయి. తొడ దగ్గర దువ్వెన లాగితే గుప్పెడు వచ్చింది. బరువే లేదు, ఊపిరి తగిలినా కదులుతుంది.

అత్తమ్మ కాఫీ తెచ్చి, పేపరు మీది కుప్ప చూసి, "అచ్చం మా ఆదోని దూదే" అని చేతిలోకి తీసుకుంది. పత్తి మార్కెట్ ఊళ్ళో పుట్టింది కదా, రెండు వేళ్ళ మధ్య సాగదీసి పోగు వస్తుందేమో చూసింది.

పక్కింటి నాటుకుక్కకి పొట్టి బొచ్చు, రాలదనుకుంటారు. రాలుతుంది. పొట్టి వెంట్రుకలు దుప్పట్లో సూదుల్లా గుచ్చుకుంటాయి, దులిపినా పోవు. నాకైతే మల్లి ఉండలే నయం.

కుప్పను పిచ్చుకలకి వదిలేద్దామంది అత్తమ్మ, గూటికి పనికొస్తుందని. మొన్ననే పిడుదుల మందు వేశాం, పిచ్చుక పిల్లలకి మంచిది కాదని పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేశాను. వెనక్కి తిరిగేసరికి దువ్వెన అత్తమ్మ చేతిలో ఉంది. మల్లి ఆమె ఒళ్ళో బోర్లా పడుకుని కళ్ళు మూసుకుంది.