ఎలుకలు నేల మీంచి రావట్లేదు

మాది హైదరాబాదు వనస్థలిపురంలో రెండు వందల గజాల పాత ఇల్లు. వెనకాల చెట్లకని మామయ్య వదిలిన కాస్త జాగాలో రెండు జామలు, ఒక దానిమ్మ, ఒక సపోటా, ప్రహరీ మూలన కొబ్బరి చెట్టు ఉన్నాయి. చుట్టూ ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లయిపోయాక మా వీధిలో చెట్టున పండు కనబడే పెరడు మాదొక్కటే మిగిలింది. ఆ సంగతి మనుషుల కంటే ముందు ఎలుకలే పసిగట్టాయి.

దానిమ్మతో మొదలైంది. కాయ కొమ్మకు నిక్షేపంగా వేలాడుతూ ఉంటుంది. కోద్దామని చెయ్యేస్తే బరువుండదు. అవతలి పక్కకు తిప్పి చూస్తే కన్నం, లోపల ఒక్క గింజ లేదు, వట్టి డిప్ప. తర్వాత జామ. "ఉడుతలేనమ్మా, పోనీలే" అనేది అత్తమ్మ. మా ఆయన చిలకల మీదికి తోసేవాడు. ఎవరి అనుమానం వాళ్లది, కాయలు మాత్రం రోజూ పోతూనే ఉన్నాయి.

దొంగ ఎవరో తేల్చుకోకుండా పైసా ఖర్చు పెట్టొద్దని ఎవరడిగినా చెప్తాను. సాయంత్రం దీపం పెట్టే వేళకు పండబోయే కాయలు చూసుకుని వాటి తొడిమెలకు ఎర్ర దారం కట్టేదాన్ని. తెల్లారి ఉడుతలు లేవకముందే వెళ్లి చూసేదాన్ని. ఉడుత, చిలక పగటి జీవులు. రాత్రికి రాత్రి కాయ పోయిందంటే వాటి పని కాదు. ఇక మిగిలేవి గబ్బిలాలు, ఎలుకలు. గబ్బిలం పండును నమిలి, రసం మింగి, పిప్పిని ముద్దగా ఉమ్మేస్తుంది. ఆ ముద్దలు చెట్టు కిందో, కారు అద్దం మీదో కనబడతాయి. ఎలుక అలా కాదు. కొమ్మ మీదే కూర్చుని చెట్టునున్న కాయను అక్కడే తొలుస్తుంది. అంచుల్లో పంటి గాట్లు జంటలుగా ఉంటాయి. కొమ్మల సందుల్లో, గోడ మీద నల్లటి పెంటికలు దొరికాయి, ఒక్కోటి దాదాపు అర అంగుళం. చిట్టెలుకవైతే అందులో సగం కూడా ఉండవు. అనుమానం తీరిపోయింది.

అయితే ఏ ఎలుక? 2020 అక్టోబరులో వరదలొచ్చినప్పుడు మా డ్రైనేజీ పక్క నుంచి పందికొక్కులు బయటికొచ్చి కాలనీని హడలెత్తించాయి. అందుకని మొదట వాటినే అనుకున్నాం. పందికొక్కు ప్రతాపమంతా నేలలోనే. బొరియలు తవ్వుతుంది, గోడ పునాది కింద మట్టి తోడేస్తుంది. చెట్టు చివరి కొమ్మదాకా పోయేది ఇళ్లలో తిరిగే మామూలు ఎలుకే. సన్నటి ఒళ్లు, ఒంటి కంటే పొడుగు తోక. ఆ తోకతో బ్యాలెన్సు చేసుకుంటూ సన్నటి తీగ మీద కూడా నడిచేస్తుంది.

నడవడం కళ్లారా చూశాం కూడా. కరెంటు పోయిన ఒక రాత్రి డాబా మీద కూర్చుని టార్చి వేస్తే, వీధి స్తంభం నుంచి ఇంటర్నెట్ తీగ మీద వరసగా వస్తున్నాయి. ఆ తీగ లాగినవాళ్లు మధ్యలో ఆసరా కోసం మా జామకొమ్మకే ప్లాస్టిక్ టైతో బిగించి పోయారు. హైదరాబాదులో తీగ కట్టని చెట్టు ఏదైనా ఉందా అసలు! ప్రహరీ మీంచి ఇంకో దారి, సజ్జ మీంచి సపోటా కొమ్మకు మరోటి. నేల మీంచి మొదలు పట్టుకుని ఎక్కినది మాకు ఒక్కటీ కనబడలేదు. అంతకుముందు మేము చేయాలనుకున్న ఏర్పాట్లన్నీ చెట్టు మొదలు దగ్గరే.

మందు పెట్టేద్దామన్నాడు మా ఆయన. వినాయక చవితి ముందు ఎలుకల్ని చంపడమేంటని అత్తమ్మ. నా అభ్యంతరం వేరు. దుకాణాల్లో దొరికే బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న ఎలుక అక్కడికక్కడ చావదు. కొన్ని రోజులపాటు మత్తుగా తిరిగి, లోపల రక్తస్రావమై చస్తుంది. ఆలోపు దాన్ని పట్టిన పిల్లికీ, గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. మా వెనక వాటర్ ట్యాంకు దగ్గర ఒక గుడ్లగూబ ఉంది, ఎలుకల మీద మా తరఫున పనిచేసేది అదే. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టునైతే ఇంటి గడప తొక్కనివ్వను. దానికి విరుగుడు లేదు, పొరపాటున మనిషి నోట్లోకి పోతే కాలేయం దెబ్బతింటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. జిగురు అట్టలు కూడా వద్దన్నాను. వాటి మీద ఉడుత అంటుకున్నా, పిచ్చుక అంటుకున్నా చూడలేం. చెవికి వినబడని శబ్దం చేసే మిషన్లు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. ఎలుకలు వాటికి ఇట్టే అలవాటు పడిపోతాయి.

కాబట్టి దారులు మూయడం. ముందు ఇంటర్నెట్ కుర్రాడిని పిలిచి తీగను కొమ్మ నుంచి విప్పించాను. "అక్కా, వైరు సాగిలబడ్తది" అని గునిశాడు గానీ గోడకు కొక్కెం కొట్టి కట్టాడు. తర్వాత కొమ్మలు. ఎలుక నిలుచున్న చోటు నుంచి పైకి రెండున్నర అడుగుల దాకా, అడ్డంగా దాదాపు నాలుగడుగులు దూకగలదు. అందుకని గోడకు, సజ్జకు, తీగలకు ఐదారడుగుల దూరం ఉండేలా కొట్టించాం. నేలకు వాలిన కొమ్మలూ తీయించాం. సపోటా సగం బోడిదైతే అత్తమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. వానాకాలం అయ్యేసరికి మళ్లీ గుబురెక్కింది.

పై దారులు మూశాక మిగిలేది నేల దారే, అందుకని ఇప్పుడు చెట్టు మొదలు సంగతి. కొబ్బరి తోటల్లో మానుకు రేకు కట్టడం పాత పద్ధతే. నేల నుంచి దాదాపు రెండు మీటర్ల ఎత్తున, 40 సెంటీమీటర్ల వెడల్పు జిఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) చుడతారు. నున్నటి రేకు మీద ఎలుక గోళ్లకు పట్టు దొరకదు. మా కొబ్బరి చెట్టుకు కాయలు దింపే ఆయనే ఆ పని చేసిపెట్టాడు. జామకు అంత ఎత్తు మొదలు లేదు గనక మూడడుగుల పైన, ఇంకాస్త వెడల్పు రేకు వేశాం. మేకులు కొట్టలేదు. రేకు అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టి, బైండింగ్ వైరుకు చిన్న స్ప్రింగు తగిలించి బిగించాం. బెరడు గరుకుగా ఉన్నచోట రేకు కింద సందులు మిగులుతాయి, వాటిలోంచి కూడా దూరేస్తాయి. ఆ సందుల్లో ఇనుప పీచు కూరాం. మాను లావెక్కుతుంది గనక వైరును ఏడాదికోసారి వదులు చేయాలి, లేదంటే బెరడులోకి దిగుతుంది.

దానిమ్మ దగ్గర ఈ విద్యంతా పనికిరాలేదు. అది చెట్టు కాదు, పొద. నేల నుంచే నాలుగైదు మొదళ్లు. ఏ మొదలుకు రేకు కడతాం? కాయలకు గుడ్డ సంచి కడితే సంచితో సహా కొరికేశాయి. పలచటి వలలాంటి ఆర్గంజా సంచి పురుగుకే అడ్డం, పంటికి కాదు. చివరికి పావు అంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ కొన్నాను. చిట్టెలుక పెన్సిలు పట్టేంత సందులోంచి కూడా దూరిపోతుంది, అంతకంటే పెద్ద కన్నాల జాలీ కొని లాభం లేదు. దాన్ని గొట్టంలా చుట్టి, రెండు చివరలా మడిచి, పెద్ద కాయలకు మాత్రమే తొడిగాను. జాలీ కాయకు తగలకూడదు, తగిలితే బయటి నుంచే కొరుకుతుంది. ఒక్కో కాయకు ఇంత శ్రమ అవసరమా అంటే, మార్కెట్లో దానిమ్మ ధర చూసినప్పుడు అవసరమే అనిపిస్తుంది. మామూలు రోజుల్లో అనిపించదు.

అసలు కష్టం పక్కింట్లో ఎదురైంది. ఆంటీ రోజూ డాబా మీద పావురాలకు జొన్నలు చల్లుతారు. పావురాలు వదిలింది రాత్రి ఎలుకలకు. పుణ్యం చేసేవాళ్లకు ఎలా చెప్పాలి? "ఆంటీ, ఎండుకాలం ఏసీ పైపు కొరికింది మీ ఇంట్లోనే కదా" అని అటు నుంచి నరుక్కొచ్చాను. మానేయలేదు గానీ, పొద్దున మాత్రమే వేసి, మధ్యాహ్నానికి ఊడ్చేస్తున్నారు. గేటు బయట వీధికుక్కల కోసం పెట్టే అన్నం గిన్నె మాదే, దాన్ని రాత్రికి లోపల పెట్టేస్తున్నాం. రాలిన జామపళ్లు ఏ పూటవి ఆ పూటే ఏరేయాలి. ఎలుకలు తిన్న కాయలను, పెంటికలను ఒట్టి చేత్తో ముట్టుకోను. వాటి మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకుతుంది, వానల్లో మరీ ప్రమాదం. సగం కొరికిన పండును "మంచి సగం" కోసి తినే అలవాటు మా ఇంట్లో ఉండేది, అది మాన్పించాను.

బోనులు కూడా పెట్టాం. ఇక్కడ అందరికీ తెలియని కిటుకొకటుంది. ఎలుక కొత్త వస్తువును చూస్తే అనుమానిస్తుంది. అందుకని మొదట కొన్ని రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా, ఎండు కొబ్బరి, పల్లీపట్టి ముక్కలు ఊరికే పెట్టి తిననిచ్చాం. అలవాటు పడ్డాక ఎక్కించాం. మిర్చి బజ్జీ వాసనకూ బాగా వస్తాయి. చెట్టు నిండా పండుంటే మాత్రం బోనులో ఏం పెట్టినా వాటికి లెక్కలేదు, అందుకని కాయ పక్వానికి రాకముందే ఈ పని ముగించాలి. బోనును చీకటి పడ్డాక, గోడ వెంట పాత డ్రైనేజీ పైపు ముక్కలో పెట్టి, తెల్లారేసరికి తీసేస్తాం. పగలు ఉంచితే ఉడుత పడుతుంది. ప్రాణంతో పట్టి ఇంకో కాలనీలో వదలడం నాకు నచ్చలేదు, మన బెడద వాళ్లకు అంటగట్టడమేగా. మేం వాడింది ఒక్క దెబ్బతో పోయే చెక్క ట్రాపు. చవితి పది రోజులూ అత్తమ్మ మాట మీద దాన్ని అటకెక్కించాం.

బోనుల వల్లే ఎలుకలు తగ్గాయని అనుకోను. కడుపు నిలిచాక మూడు వారాలకే ఈనే ప్రాణులవి. పిల్లలు రెండు మూడు నెలలకే మళ్లీ ఈతకు వస్తాయి. మనం పట్టేది ఏ మూలకు? తేడా తెచ్చింది తీగ విప్పడం, కొమ్మలు కొట్టడం, రేకు.

ఇప్పుడు జామ చాలావరకు మాకే దక్కుతోంది. మరీ పండనివ్వకుండా దోరగా ఉన్నప్పుడే కోసేస్తున్నాం, సపోటాలైతే ఎలాగూ కాయలుగానే కోసి మగ్గబెడతాం. పగలు ఉడుతలు కొన్ని తింటాయి, వాటికి రేకు అడ్డం కాదు, ఎక్కడి నుంచైనా దూకుతాయి. వాటితో మాకు పేచీ లేదు. మే నెలలో మాత్రం ఎలుకలు నీళ్ల కోసం డ్రిప్ పైపులు కొరికాయి. కూలరు కింద కారే నీళ్లు ఆగేలా చూసి, పైపులను ఇనుప గొట్టంలోకి మార్చాం. చెట్టు మొదట్లో వేసే ఎండుటాకులను కూడా మాను నుంచి ఒక అడుగు ఎడంగా జరిపాను, ఆ చాటున చిట్టెలుకలు చేరి లేత మొక్కల బెరడు చుట్టూ గీరేస్తాయి. కొత్తగా పెట్టిన నిమ్మ అంటుకు అందుకే నేల నుంచి జాలీ తొడిగే నాటాను.