కోట గారి గురించి రెండు ముక్కలు

కోట శ్రీనివాసరావు గారు 2025 జూలైలో పోయినప్పటి నుంచి ఆయన పాత సినిమాలే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూస్తున్నా. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలేసిన మనిషి, 1978లో ప్రాణం ఖరీదుతో సినిమాల్లోకొచ్చి, తర్వాత వందల పాత్రలు చేసేశారు. అహ నా పెళ్ళంటలో ఆ పిసినారి లక్ష్మీపతి ఉన్నాడు చూడండి, పైన కోడిని వేలాడదీసి దాన్నే చూస్తూ అన్నం తింటాడే, అది చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం, అదే మనిషి ప్రతిఘటనలో మంత్రి కాశయ్యగా, గణేష్‌లో విలన్‌గా వస్తే ఒళ్ళు జలదరిస్తుంది, గొంతు అదే మొహం అదే, యాస మార్చి ఆ కనుబొమ్మ ఒక్కటి పైకెత్తితే చాలు ఇంకో మనిషైపోతాడు. 2015లో పద్మశ్రీ ఇచ్చారు, నన్నడిగితే ఎప్పుడో రావాల్సింది. మొన్న రాత్రి కూడా ఆ కోడి సీన్ రెండుసార్లు చూశా.