మల్లన్న సన్నిధిలో మా అన్నయ్య కోసం

అన్నయ్య పోయాక ఏడాది పాటు మేం ఏ కొండా ఎక్కలేదు. సంవత్సరీకం అయిపోగానే అమ్మ అన్న మొదటి మాట, "శ్రీశైలం మొక్కు తీర్చుకోవాలిరా" అని. ఆ మొక్కు అన్నయ్య కొడుకు కోసం. తండ్రి పోయాక పిల్లాడు ఆయన మెకానిక్ షెడ్డు వైపు చూడటమే మానేశాడు. స్పానర్ల డబ్బా కంటబడితే మొహం తిప్పుకునేవాడు. డిప్లొమా కూడా మధ్యలో ఆపేస్తానన్నాడు. వాడు మళ్ళీ పనిముట్టు పట్టుకుంటే తలనీలాలిస్తానని, వాణ్ణి తీసుకొచ్చి స్పర్శ దర్శనం చేయిస్తానని అమ్మ మల్లన్నకి మొక్కుకుంది. మొన్న ఎండాకాలంలో, ఎవరూ చెప్పకుండానే, వాడే వెళ్ళి షెడ్డు తాళం తీశాడు. ఆ సంతోషం ఇంకా దిగకముందే ఇది రాస్తున్నాను.

మా అన్నయ్య చదివింది పదో తరగతి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. శబ్దం ట్యాపెట్‌దా, బేరింగ్ పోయిందా, చైన్ వదులైందా, విప్పకుండానే చెప్పేవాడు. బోరు మోటార్లు, మిక్సీలు, కుట్టుమిషన్లు, ఆయన చేతికి రానిది లేదు. నారుమడి ఎండిపోతోందని అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొడితే చొక్కా వేసుకుంటూనే బయల్దేరేవాడు. వయసులో నాకంటే చాలా పెద్దవాడైనా నా కష్టం సుఖం మొదట చెప్పుకున్నది ఆయనకే. అన్నా ఆయనే, స్నేహితుడూ ఆయనే. ఆ రెండు లోట్లూ ఒకేసారి వచ్చి పడ్డాయి నాకు.

శ్రీశైలమంటే ఆయనకి ప్రాణం. డ్యామ్ నీటిమట్టం 885 అడుగులకి చేరిందని, గేట్లు ఎత్తారని వినగానే ఓసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. జనమంతా నురగ చూసి కేకలు పెడుతుంటే ఆయన చూపు ఆ పన్నెండు గేట్ల మీదే ఉంది. "గేటు విల్లులా వంపు తిరిగి ఉంది చూశావా? నీళ్ళ తోపుడంతా ఆ వెనకున్న ఇరుసు మీదికి పోతుంది. పైన మోటారు లాగాల్సింది గేటు బరువూ, కాస్త రాపిడీ. ఇంత నదిని ఆపి, ఎత్తేటప్పుడు మాత్రం తేలిగ్గా లేచేట్టు చేశారురా!" అన్నాడు. ఆ రోజు ఆయన మొహంలో చూసిన భక్తి నేను గుళ్ళో కూడా ఎవరిలోనూ చూడలేదు.

ఈసారి అమ్మ, వదిన, పిల్లాడు, నేను అన్నయ్య కారులోనే బయల్దేరాం. దోర్నాల దాటి నల్లమలలోకి వచ్చాక ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. బానెట్ కింది నుంచి ఆవిరి. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఒక పక్క లోయ, ఇంకో పక్క గుట్ట, అమ్మ చేతిలో పూజసంచీ మీద కన్నేసిన కోతులు. సాయంత్రం దాటితే ఆ అడవిలో ఆగకూడదని నాకు ఒకటే టెన్షన్.

వెనకే వచ్చిన ఒక లారీ ఆగింది. డ్రైవర్ దిగి, "పెద్దావిడ్ని నీడన కూర్చోబెట్టండి సార్" అని ముందు అమ్మ సంగతి చూశాడు. నేను కంగారులో రేడియేటర్ మూత మీద గుడ్డ వేస్తుంటే పిల్లాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడే వద్దు బాబాయ్, మొహాన కొడుతుంది. చల్లారనీ." గొంతు అచ్చం అన్నయ్యదే. వదిన తల తిప్పుకుంది.

ఇంజన్ నుంచి రేడియేటర్‌కి నీళ్ళు వెళ్ళే పై గొట్టం, అదే హోస్, క్లిప్పు దగ్గర చీలింది. చల్లారాక వాడు క్లిప్పు వదులు చేసి, లారీ ఆయన ఇచ్చిన చాకుతో చీలిన మేర కోసేసి, మిగిలినదాన్ని ముందుకు లాగి మళ్ళీ బిగించాడు. లారీ ఆయన తన క్యాన్ మొత్తం పోసేశాడు. ఇంజన్ స్టార్ట్ చెయ్యమని నాకు చెప్పి, పిల్లాడు లారీ ఆయన్ని స్క్రూడ్రైవర్ అడిగాడు. మొన వాటర్ పంపు మీద పెట్టి, పిడికి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. వాడికి అది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చిన్నప్పుడు తండ్రి కాళ్ళ దగ్గర ఆడుకుంటూ చూసిందే. "పంపు బాగానే ఉంది బాబాయ్. హీటర్ ఫుల్‌గా పెట్టి నెమ్మదిగా పోదాం, ఇంజన్ వేడి కొంత లోపలికి లాగుతుంది" అన్నాడు. అమ్మ అక్కడే రోడ్డు పక్కన శిఖరం వైపు తిరిగి దండం పెట్టింది. నా మటుకు నాకు మొక్కు అక్కడే తీరింది.

డబ్బులిస్తే లారీ ఆయన పుచ్చుకోలేదు. పేరడిగితే, "లారీ ఆయన అని చెప్పండి, మల్లన్నకి తెలుసు" అన్నాడు.

శిఖరేశ్వరంలో రోట్లో నువ్వులు వేసి, నందిని తిప్పి, కొమ్ముల మధ్య నుంచి అమ్మకి శిఖరం చూపించాం. సాక్షి గణపతి దగ్గర మా గోత్రనామాలు చెప్పుకున్నాక, అన్నయ్య పేరు, లారీ ఆయన మాట కూడా స్వామి చెవిన వేశాను.

గుడి దగ్గర రద్దీ గురించి చెప్పకుండా ఉండలేను. టికెట్ చేతిలో ఉన్నా క్యూలో గంటలు గంటలు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న పెద్దవాళ్ళకి కూర్చోడానికి జాగా లేదు. పంచెలు కట్టుకున్న మగవాళ్ళు ఆడవాళ్ళని తోసుకుంటూ ముందుకు పోవడం ఏం భక్తో నాకు అర్థం కాదు. పైగా జనం ఎక్కువైతే స్పర్శ దర్శనం ఆపేస్తారేమోనని ఒకటే గుబులు. ఆపలేదు. స్వామి దయ.

గర్భగుడిలో మాకు దొరికింది ఒక్క క్షణం. అన్నయ్య ఎప్పుడూ, "గోళ్ళల్లో గ్రీజు పోదురా, ఈ చేతులతో స్వామిని ఎలా ముట్టుకోను" అని బాధపడేవాడు. కాళ్ళు కడుక్కోకుండా దుమ్ముతో వచ్చినా ధూళి దర్శనమిచ్చే దేవుడు గ్రీజు చూస్తాడా అని నేనే ముందుకు నెట్టేవాణ్ణి. ఇప్పుడు పిల్లాడి గోళ్ళల్లోనూ ఘాట్‌లో అంటిన నలుపు ఉంది. వాడు సంకోచించలేదు. రెండు చేతులూ లింగం మీద ఉంచి నుదురు ఆనించాడు. తడిసి చల్లగా ఉన్న ఆ రాయి నా అరచేతికి తగలగానే అన్నయ్య పేరు తప్ప ఇంకేం నోటికి రాలేదు. "పదండి పదండి" అన్నారు. వచ్చేశాం.

భ్రమరాంబ అమ్మవారి గుడి వెనక గోడకి చెవి పెడితే తుమ్మెద నాదం వినిపిస్తుందంటారు కదా. అన్నయ్య వచ్చినప్పుడల్లా అక్కడ చాలాసేపు నిలబడేవాడు. "ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే శబ్దం ఇలాగే ఉంటుందిరా, ఎక్కడా ఎత్తూపల్లం లేకుండా" అనేవాడు. పిల్లాడు చెవి ఆనించగానే వెనకవాళ్ళు తొందరపెట్టడం మొదలుపెట్టారు. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి, "వాళ్ళ నాన్న కోసం వింటున్నాడు, కాస్త ఆగండి" అన్నాను. ఆగారు. ముందు గట్టిగా అరిచినావిడే అందరికీ సర్దిచెప్పింది. "వినిపించింది నానమ్మా" అంటూ వచ్చాడు వాడు.

సున్నిపెంటలో కొత్త హోస్ దొరికితే వాడే బిగించాడు. ఇంటికొచ్చాక చూస్తే లారీ ఆయన నీళ్ళ క్యాన్ మా డిక్కీలోనే ఉండిపోయింది. లారీ అన్నా, మీరిది చదివితే, క్యాన్ కడిగి షెడ్డులో భద్రంగా పెట్టాం. మా వైపు వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. బండికి ఏ పనున్నా మావాడు చూస్తాడు, పైసా తీసుకోడు.