చర్చిల్ వెళ్ళొచ్చాం, పోలార్ బేర్‌లని చూసొచ్చాం

కెనడాలో విన్నిపెగ్‌లో ఉంటూ, అదే దేశంలో పోలార్ బేర్‌లు (తెల్ల ఎలుగులు) తిరిగే చర్చిల్ అనే ఊరు చూడకపోతే ఎలా అని మా ఆవిడ ఒకటే పోరు, సరే అని నవంబర్ మొదట్లో బయల్దేరాం. ఆ ఊరికి రోడ్డు లేదండీ, రైలెక్కితే దాదాపు రెండు రోజులు, లేదంటే ఫ్లైట్, దాని రేటు చూస్తే ఇంకాస్త వేసుకుని ఇండియానే వెళ్ళొచ్చుగా అనిపిస్తుంది.

హడ్సన్ బే అనే అఖాతం గడ్డకట్టే దాకా ఈ తెల్ల ఎలుగులు ఆ ఒడ్డునే పడిగాపులు కాస్తాయి, వాటి తిండి సీల్స్ అనే సముద్ర జంతువులు, సీల్స్‌ని పట్టాలంటే కాళ్ళ కింద మంచు ఉండాలి, అది కరిగినప్పట్నుంచీ ఇంచుమించు ఉపవాసమే. ఊళ్ళో పోలార్ బేర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ వాళ్ళ సెంటర్ ఉంది, 2019లో పెట్టారు. అక్కడి వాలంటీర్‌ని మా ఆవిడ సూటిగా అడిగేసింది, "అంత ఆకలితో ఉంటే మీరే ఏదో ఒకటి పెట్టొచ్చుగా?" అని. ఆ అమ్మాయి నవ్వి, మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒక్కసారి అలవాటైతే అది నేరుగా ఇళ్ళ మీదకొస్తుంది, అప్పుడు కాల్చాల్సొస్తుంది అంది.

నాకు బాగా నచ్చింది, ఎలుగులు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చెప్పే ట్రాకర్ల సంగతి. మగ ఎలుగు మెడ తల కంటే లావు, కాలర్ వేస్తే జారిపోతుంది, అందుకే ఇన్నాళ్ళూ పెద్ద ఆడ ఎలుగుల కదలికలే ఎక్కువగా తెలిసేవి. ఇప్పుడు 3ఎం కంపెనీతో కలిసి బొచ్చుకే అంటుకునే చిన్న ట్యాగులు ట్రై చేస్తున్నారు, చేలగట్టున నడిస్తే ఉత్తరేణి గింజలు పంచెకి పట్టుకుంటాయి చూడండి, అలాగన్నమాట, కొన్నాళ్ళకి వాటంతట అవే రాలిపోతాయి. చీకట్లో, మంచు తుఫానులో కూడా ఎలుగుని పసిగట్టే రాడార్ కూడా ఈ ఊళ్ళోనే టెస్ట్ చేశారు. ఊళ్ళోకి వచ్చేస్తే మాత్రం ప్రభుత్వ ఆఫీసర్లు పటాసులు పేల్చి తరుముతారు, మాట వినని వాటికి నిజంగానే ఒక జైలు ఉంది, తర్వాత హెలికాప్టర్ కింద వలలో వేసి దూరంగా దింపొస్తారు.

మర్నాడు టండ్రా బగ్గీలో వెళ్ళాం, మనిషెత్తు చక్రాల బస్సు అది. ఓ తల్లి, పక్కన పిల్ల, తల్లి వెనక కాళ్ళ మీద లేచి బగ్గీ అంచుకి ముక్కు ఆనించి వాసన చూసింది, నల్లటి ముక్కు మీద మంచు పలుకులు కూడా కనిపించాయి, బస్సులో ఎవరికీ నోట మాట లేదు. ఈ పడమటి హడ్సన్ బే వైపు 1987లో 1,200 దాకా ఉండేవట, 2021 లెక్కకి 618. భూమి వేడెక్కి మంచు లేని రోజులు పెరిగిపోవడమే అసలు కారణం, అందుకే ఈ సంస్థ వాళ్ళు ఎలుగుల గురించి ఎంత చెప్తారో బొగ్గు, పెట్రోల్ పొగ గురించీ అంతే చెప్తారు, వినేవాళ్ళకి కొంచెం విసుగొచ్చినా సరే.

అంత ఖర్చు మనవల్ల కాదు అనుకునేవాళ్ళు అక్టోబర్, నవంబర్లలో వీళ్ళ లైవ్ కెమెరా ఫ్రీగా చూడొచ్చు, నవంబర్లో అక్కడ పొద్దున 9 అంటే ఇండియాలో రాత్రి ఎనిమిదిన్నర, భోజనాలు కానిచ్చి కూర్చుంటే సరి.