కామెర్ల పసరుకి అంత పేరెలా వచ్చింది?

మా కోనసీమలో ఎవరికైనా కళ్లు పచ్చబడితే చాలు, రక్తపరీక్ష మాట ఇంకా ఎవరూ ఎత్తకముందే "ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, పరగడుపున వెళ్లాలి" అని ఎవరో ఒకరు అనేస్తారు. వెళ్తారు, తాగుతారు, ఉప్పూ నూనే మానేసి మజ్జిగన్నంతో పథ్యం చేస్తారు, కొన్ని వారాలకి తగ్గుతుంది. తగ్గడం నిజమే. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లతో వచ్చే కామెర్లు చాలామందికి ఏ మందూ లేకుండానే ఆపాటికి తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకి పోతుంది. ఆ వైరస్‌లు పాడైన నీళ్లతో వస్తాయి, గేదెల్ని కడిగేదీ బిందె ముంచేదీ ఒకే కాలవలో అయితే పసరు పోసేవాళ్లకి బేరాలకేం లోటు!

కామెర్లకి చేతులు కడిగే వైద్యం ఇంకా గమ్మత్తు. రోగి చేతుల మీద నీళ్లు పోసి రుద్దుతుంటే పచ్చగా కారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు కామెర్లు దిగిపోతున్నాయని దణ్ణం పెట్టేస్తారు. ముందే చేతులకి రాసిన మామిడి బెరడు రసానికి, పోసే నీళ్లలోని సున్నపు తేట తగిలితే పసుపు రంగు తేలుతుందండీ, అంతే. ఏ జబ్బూ లేని మీ చేతులు కడిగినా అలాగే కారుతుంది.

పల్లెటూరి అమాయకత్వం అంటారా? 1796లో అమెరికాలో ఎలిషా పెర్కిన్స్ అనే డాక్టరు రెండు చిన్న లోహపు పుల్లలకి పేటెంటు తీసుకున్నాడు, నొప్పి ఉన్నచోట వాటితో గీస్తే నొప్పి బయటికి లాగేస్తుందట. ఇంగ్లండులో డబ్బున్నవాళ్లు ఎగబడి కొన్నారు. 1799లో జాన్ హేగార్త్ అనే వైద్యుడు అచ్చం అలాగే కనిపించే చెక్క పుల్లలు చేయించి కీళ్లనొప్పుల రోగులు ఐదుగురి మీద గీస్తే నలుగురు హాయిగా ఉందన్నారు. మర్నాడు అసలు పుల్లలతో గీసినా అదే ఫలితం! పెర్కిన్స్ అదే ఏడాది, ఎల్లో ఫీవర్‌కి తను తయారుచేసిన మందు పరీక్షిద్దామని న్యూయార్క్ వెళ్లి, అదే జ్వరంతో పోయాడు. పాపం, కనీసం తన మందుని తను నమ్మాడు.

వైరస్ కామెర్లయితే పసరు తాగినా చాలామంది గట్టెక్కేస్తారు. పిత్తనాళంలో రాయో గడ్డో అడ్డుపడి వచ్చే కామెర్లు అలా కాదు, పథ్యం చేస్తూ కూర్చున్న ప్రతి వారమూ నష్టమే. గర్భిణులకి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికే రావచ్చు. మలం తెల్లగా పోతున్నా, ఒళ్లంతా దురద పెడుతున్నా, మనిషి మత్తుగా పడి ఉన్నా ఆ పసరు ఊరికి మాట్లాడుకున్న ఆటోని అమలాపురమో కాకినాడో తిప్పించి, స్కానింగ్ ఉన్న ఆసుపత్రిలో చూపించండి.