కలంకారీకి పులుపు పడదు

శ్రీకాళహస్తి పెన్ కలంకారీ చీర రెండేళ్ళకే వెలిసిపోతే అందరూ గీసినవాళ్ళ పనితనాన్నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు మన బకెట్లోనో, బీరువాలోనో ఉంటుంది. ఆ గుడ్డలో ఏమేం పట్టి ఉన్నాయో తెలుసుకుంటే దాన్ని ఎప్పుడు కట్టాలో, ఎలా ఉతకాలో దానంతట అదే తెలిసొస్తుంది.

గంజి పోయేదాకా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, గట్టిగా పిండి, ఆరేస్తారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు గీతను కట్టడి చేస్తుంది. పాలు చాలకపోతే బ్లాటింగ్ పేపరు మీద సిరాలాగా గీత పాకిపోతుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ వేసుకుని, దాని మీద వెదురు కలంతో కసిం పెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు పులియబెడితే కసిం తయారవుతుంది. అది కుండలో ఉన్నంతసేపూ నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకే ఇనుమూ వగరూ కలిసి నలుపు తేలుతుంది.

ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, ఆరాక పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్ళతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. జాడింపు సరిగా లేకపోతే మిగిలిన పటిక చుట్టూ పాకి, తెల్లగా ఉండాల్సిన చోటు గులాబీ చాయకు తిరుగుతుంది. పసుపుకు కరక పూలు, నీలానికి నీలిమందు, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చ.

ఇక మన వైపు జరిగే పొరపాట్లు. కసిం నలుపుకు పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ ఏది తగిలినా నల్లగీత ముందు గోధుమరంగుకు తిరిగి, తర్వాత మాయమైపోతుంది. రంగు నిలవడానికి వెనిగర్ నీళ్ళలో నానబెట్టమనే సలహా ఈ చీర విషయంలో మాత్రం అస్సలు వినకండి. కళ్ళుప్పు నీళ్ళవల్ల నష్టం లేదు, లాభమూ లేదు.

రెండో శత్రువు ఇనుము. గుడ్డంతా కరక్కాయ వగరు ఉంటుంది కాబట్టి తడి చీరకు తుప్పు పట్టిన పిన్నీసు గుచ్చి వదిలేస్తే, గుచ్చినచోట నల్లటి చుక్క పడుతుంది. అది మరక కాదు, కసిం పని చేసినట్టే పని చేసిన రంగు. సబ్బుకు పోదు. కార్తీకంలో తిరుచానూరు పంచమీతీర్థానికి, అమ్మవారి కోనేట్లో మునిగి తడిబట్టలతో గంటలు గడిచే రోజుకు, ఈ చీర పనికిరాదనేది అందుకే. ఇంట్లో బోరు నీళ్ళు బాత్రూం టైల్సు మీద నారింజరంగు చారలు పెడుతున్నాయంటే ఆ నీళ్ళలో ఇనుము ఉన్నట్టే. వాటితో ఉతికితే పసుపు రంగు మురికి ఆకుపచ్చగా మారుతుంది. పట్టి ఉంచిన వాననీళ్ళో, క్యాను నీళ్ళో వాడండి.

ఉతకడానికి పది కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిసికి, వడగట్టి, ప్లాస్టిక్ బకెట్లో సగం నీళ్ళకు కలిపి, చీరను ఐదు నిమిషాలకు మించకుండా ఆడించి తీసేయండి. బ్రష్షు, సోడా, డిటర్జెంటు వద్దు. మెలిపెట్టి పిండొద్దు. నీడలో, తిరగేసి ఆరేయండి. ఎండకు అన్నిటికంటే ముందు పోయేది పసుపు, దాంతో ఆకుపచ్చ కాస్తా నీలంగా మిగులుతుంది. గంజి పెట్టాలంటే పలచగా, అదీ కట్టబోయే ముందే. గంజితో దాస్తే వానల్లో బూజు పడుతుంది.

మన తిరుపతి, కాళహస్తి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో కాళహస్తిలో పని నెమ్మదిస్తుంది. పాలు పట్టిన గుడ్డ చప్పున ఆరకపోతే వాసన పట్టుకుంటుంది. మాఘమాసం పెళ్ళికి చీర కావాలంటే శ్రావణంలోనే చెప్పుకోవాలి, తొందరపెట్టకూడదు. ఇంట్లో ఉన్నవాటిని సంక్రాంతి దాటాక ఒకసారి గాలికి వేసి, మడతలు మార్చి, పాత పంచెలో చుట్టి పెట్టండి. పాలిథిన్ కవరులో చెమ్మ నిలుస్తుంది. కసింలోని ఇనుము ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది కాబట్టి, ఒకే మడత మీద నల్లగీత పడితే చీర అక్కడే చిరుగుతుంది.

కట్టడానికి బాగా నప్పే కాలం శివరాత్రి నుంచి ఉగాది దాకా. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మాత్రం దీన్ని తీయకండి. జాతరంటే పసుపు, కుంకుమ, వేపాకు, నిమ్మకాయల దండలు. ఆ రద్దీలో ఒక్క నిమ్మకాయ నలిగితే చాలు. జాతరకు వెంకటగిరి నూలు చీరే హాయి.

కొనేటప్పుడు ఒకేలాంటి రెండు పూలను పక్కపక్కన పెట్టి చూడండి. పెన్ పనిలో గీత కలం నిండుగా ఉన్నచోట లావుగా మొదలై, సన్నబడుతూ పోతుంది, ఏ రెండు పూలూ అచ్చంగా కలవవు. స్క్రీన్ ప్రింటులో తప్పులు కూడా ఒకే చోట పడతాయి. అయితే కలంతో గీసి రసాయనపు రంగులు నింపినవీ ఉంటాయి, కాబట్టి రంగులేమిటో విడిగా అడగాలి.

ఈ కళ గుడి గోడలకు, రథాలకు వేలాడదీసే తెరల మీద పెరిగింది. 1957లో కాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టేనాటికి దాదాపు ఆరిపోయే స్థితిలో ఉంది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. చీరల మీదికి బొమ్మలు రావడం తర్వాతి మాట. అందుకే శ్రీనివాస కల్యాణం, దశావతారాలు పల్లూ మీదే ఉండాలి, కాళ్ళకు తగిలే అంచు మీద లతలు, నెమళ్ళు చాలు.

జాకెట్టు కుట్టించేటప్పుడు టైలరుకు రెండు మాటలు చెప్పండి. దేవుడి ముఖం మీదుగా కత్తెర పోకూడదు. లైనింగు గుడ్డను ముందుగా రాత్రంతా నానబెట్టి ఆరేయాలి. కలంకారీ గుడ్డ ఉడికి, ఉతికి వచ్చింది కనుక ఇక పెద్దగా కుంచించుకోదు, కొత్త లైనింగు మాత్రం మొదటి ఉతుకుకే లాక్కుపోయి పైగుడ్డను ముడతలు పెడుతుంది. లైనింగు లేకుండా కుట్టించకండి, చంకల్లో చెమటకు నల్లగీతలు ముందుగా పోతాయి.